ఆ కాగితం ఎవరి దయా కాదు

వరకట్న చావు జరిగితే మన సంఘాలు పోలీసు స్టేషన్‌కి వెళతాయి. అత్యాచారం జరిగితే వెళతాయి. భర్త కొట్టి బయటికి గెంటేస్తే వెళతాయి. ఎఫ్.ఐ.ఆర్. రాసేదాకా కదలకుండా కూర్చోవడం స్త్రీల ఉద్యమం ఎన్నో ఏళ్ళు పోరాడి నేర్చుకున్న పాఠం. కానీ లారీ గుద్ది భర్త చనిపోయిన స్త్రీ, ట్రాలీ బోల్తాపడి నడుం విరిగిన కూలి స్త్రీ అదే స్టేషన్ మెట్లెక్కినప్పుడు ఆమె పక్కన మన సంఘాలు సాధారణంగా కనిపించవు. రోడ్డు ప్రమాదం 'స్త్రీల సమస్య' కాదన్న అభిప్రాయం బయట ఎంత ఉందో మనలోనూ అంతే ఉంది. ప్రమాదం కేసులో మొదట పుట్టే కాగితం స్త్రీల ఆస్తిహక్కుకీ, శ్రమ విలువకీ సంబంధించిన కాగితమని, దాన్ని మగవాళ్ళకీ దళారులకీ వదిలేయడం మనం ఇకనైనా మానాలని ఈ వ్యాసం వాదన.

పాల్వంచనే తీసుకుందాం. కొత్తగూడేనికీ భద్రాచలానికీ మధ్య ఊరు. ఒకపక్క థర్మల్ విద్యుత్ కేంద్రం, ఇంకోపక్క కిన్నెరసాని అడవి. విజయవాడ నుంచి జగదల్‌పూర్ పోయే జాతీయ రహదారి (ఒకప్పుడు 221, ఇప్పుడు 30) ఊళ్ళోంచే పోతుంది. బొగ్గు, బూడిద, ఇసుక మోసే లారీలు తిరిగే రోడ్డు మీదే ఆడవాళ్ళు పత్తికీ, మిరపకీ, నాట్లకీ ట్రాలీ ఆటోల్లో కిక్కిరిసి పోతారు. మిరప ఏరే కాలంలో సరిహద్దు అవతలి ఛత్తీస్‌గఢ్ నుంచి గొత్తికోయ కుటుంబాలు కూలికి దిగుతాయి. అదే దారిలో పెద్దమ్మతల్లి గుడి ఉంది. వచ్చేపోయే వాహనాలు ఆగి మొక్కుకుంటాయి. మొక్కుకోవడంలో తప్పు లేదు. కానీ బండి బోల్తా పడ్డాక 'వాళ్ళ రాత అంతే' అని యజమానీ, ఊరి పెద్దా, స్టేషన్ రైటరూ ఒకే మాట మీదికి వస్తే, ఆ రాత వల్ల ఎవరికి లాభమో మనం అడగాలి.

రాత నుదుటి మీద కాదు, స్టేషన్‌లో రాస్తారు. ఆ రాసేటప్పుడు సాధారణంగా ఆమె అక్కడ ఉండదు. శవం దగ్గరో, ఆస్పత్రి మంచం దగ్గరో ఉంటుంది. స్టేషన్‌కి పోయేది మరిది, బావగారు, వార్డు నాయకుడు, లేదా ఆస్పత్రి గేటు దగ్గర తగులుకున్న దళారి. వాళ్ళు చెప్పిందీ రైటర్‌కి తోచిందీ కలిసి ఫిర్యాదు అవుతుంది. బండి నంబరు రాయకపోతే అది 'గుర్తు తెలియని వాహనం'. 'అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి' అన్న మాట లేకపోతే తప్పు చనిపోయిన మనిషిది. ఎఫ్.ఐ.ఆర్. దానికదే సాక్ష్యం కాదని న్యాయశాస్త్రం చెబుతుంది, నిజమే. కానీ రెండేళ్ళ తర్వాత ట్రిబ్యునల్‌లో ఆమె ఏం చెప్పినా, 'మొదటి రోజు ఇలా రాయలేదే?' అని ఇన్సూరెన్స్ కంపెనీ వకీలు అడిగేది ఆ కాగితం పట్టుకునే.

సరుకు వాహనాల సంగతి ఇంకా ఘోరం. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పి.ఎ.పల్లి మండలంలో, జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర, కూలీలతో పోతున్న ట్రాక్టర్లు కాలవల్లో పడ్డాయి. చనిపోయిన వాళ్ళలో ఎక్కువమంది ఆడకూలీలు. సరుకు వాహనంలో ఊరికే ఎక్కిన వాళ్ళకి ఇన్సూరెన్స్ కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో 2002లో చెప్పింది. కాబట్టి ఆ స్త్రీలు ఊరికే ఎక్కారా, బండి యజమానే తన పనికి పిలిచి తీసుకుపోతున్నాడా అన్న ఒక్క వాక్యం మీద ఒక కుటుంబం బతుకు ఆధారపడుతుంది. యజమానే పనికి పెట్టుకున్నట్టు రాస్తే ఉద్యోగుల నష్టపరిహార చట్టం (2025 నవంబర్ దాకా 1923 నాటిది, ఇప్పుడు దాని స్థానంలో సామాజిక భద్రతా స్మృతి) కింద కూడా దారి ఉంటుంది. రెండు చట్టాల్లో ఒకదాన్ని ఎంచుకునే హక్కు మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ ఇస్తుంది. 'ట్రాక్టర్‌లో ప్రయాణిస్తున్న స్త్రీలు' అని రాసి వదిలేస్తే ఆ దారులు మొదటి రోజే మూసుకుపోవడం మొదలవుతుంది.

ఇక 'వృత్తి' అన్న గడి. మగవాడు చనిపోతే డ్రైవరనో, మేస్త్రీ అనో, కాంట్రాక్టు కార్మికుడనో రాస్తారు. ఆడమనిషి చనిపోతే 'ఇంటిపని'. వేసవిలో తునికాకు కోసి, ఇప్పపువ్వు ఏరి, చలికాలంలో పత్తి తీసి, మిగతా రోజులు ఉపాధి హామీ పనికి పోయి, వీటన్నిటి మధ్య ఇల్లు నడిపిన మనిషి ఒక్క మాటతో సంపాదన లేనిదవుతుంది. 1994లో చట్టానికి చేర్చిన పట్టిక, సంపాదన లేని మనిషికి ఏడాదికి 15,000 రూపాయల ఊహా ఆదాయం కట్టింది. ఇంటి చాకిరీ చేసే స్త్రీ సేవలకి నెలకి 3,000 రూపాయలైనా కట్టాలని సుప్రీంకోర్టు లతా వాధ్వా కేసులో 2001లో అన్నది. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి.రమణ విడిగా రాసిన తీర్పులో, 2019 నాటి ప్రభుత్వ సర్వే లెక్కల్ని ఎత్తి చూపారు: జీతం లేని ఇంటిపనికి స్త్రీలు రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మనం సెమినార్లలో చెబుతూ వచ్చిన మాట కోర్టు చెప్పింది. అయితే కోర్టు చెప్పింది పంచనామా రాసే కానిస్టేబుల్ దగ్గరికి దానంతటది నడిచి పోదు. 'ఇంటిపనీ, వ్యవసాయ కూలీ, అటవీ ఉత్పత్తుల సేకరణ' అని మూడూ రాయించే మనిషి అక్కడ ఉండాలి.

చట్టం ప్రకారం ఆమె ఈ కాగితం కోసం తిరగనే అక్కరలేదు. 1994 సవరణతో వచ్చిన 158(6) సెక్షన్, ప్రమాద నివేదికని పోలీసులే 30 రోజుల్లో ట్రిబ్యునల్‌కి పంపాలన్నది. దాన్ని అమలు చేయమని సుప్రీంకోర్టు 2007లో మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ఆ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2022 ఏప్రిల్ 1 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక ట్రిబ్యునల్‌కీ ఇన్సూరెన్స్ కంపెనీకీ చేరాలి. 10 రోజుల్లో బాధితుల హక్కులు రాసి ఉన్న ఫారం ఆమె చేతికి ఇవ్వాలి. 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌లో దాఖలు కావాలి. ఆ నివేదికనే నష్టపరిహారం దరఖాస్తుగా తీసుకోవచ్చు. గోహర్ మహమ్మద్ కేసులో 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇదంతా తప్పనిసరిగా చేయమని ఆదేశించింది. అంటే కాగితం ఆమె దగ్గరికి నడిచి రావాలి. నడుస్తున్నది మాత్రం ఆమే, కూలి పోగొట్టుకుని, 'సారు లేరు, రేపు రా' అనిపించుకుంటూ.

నకలు ఇవ్వడం కూడా దయ కాదు. ఫిర్యాదు ఇచ్చిన మనిషికి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలన్నది పాత నేర విచారణ చట్టంలోనే ఉంది. 2024 జూలై 1 నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ బాధితులకీ ఇవ్వాలంటుంది. చనిపోయిన మనిషి వారసులు కూడా బాధితులే. కాబట్టి ఫిర్యాదు మరిది ఇచ్చినా నకలు భార్యకీ హక్కే. నోటితో చెప్పినా రాసుకోవాలి, రాసింది చదివి వినిపించాలి. కోయ తప్ప మరో భాష రాని స్త్రీకి తెలుగులో గబగబా చదివేస్తే అది వినిపించినట్టు కాదు. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, పరిధి కాదని తిప్పి పంపకూడదు. తీసుకోకపోతే ఎస్.పి.కి పోస్టులో పంపవచ్చు, తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళవచ్చు. సాక్ష్యం కోసమని స్త్రీని స్టేషన్‌కి రప్పించకూడదు, పోలీసులే ఆమె ఉన్న చోటికి రావాలి.

కాలం కూడా ఆమెకి వ్యతిరేకంగానే పెట్టారు. దావాకి 6 నెలల గడువు 1988 చట్టంలో ఉండేది. అది అన్యాయమని 1994లో తీసేశారు. 2019 సవరణ దాన్ని మళ్ళీ తెచ్చింది, 2022 ఏప్రిల్ నుంచి అమలైంది. ఆలస్యమైందని మాత్రమే దరఖాస్తులు కొట్టేయవద్దని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మధ్యంతర ఉత్తర్వుని నమ్ముకుని కూర్చోలేం. దినాలు, మైల, అత్తింట్లో తగాదా, పిల్లల బడి, ఇవన్నీ గడిచి ఆమె తేరుకునేసరికి ఆరు నెలలవుతుంది. ఈలోగా బండి యజమాని మనుషులు 'దినాల ఖర్చు' పేరుతో కొంత డబ్బు మరిది చేతిలో పెట్టి, తెల్ల కాగితం మీద ఆమె వేలిముద్ర వేయించుకుని పోతారు. మనిషి చావుకి కారణమైన నిర్లక్ష్యపు నేరంలో చట్టం రాజీని ఒప్పుకోదని ఆమెకి చెప్పేవాళ్ళుండరు. గుద్దిన బండి దొరకకపోయినా, మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇచ్చే పథకం 2022 నుంచి ఉందనీ, ఆ సంగతి పోలీసులే చెప్పాలని సుప్రీంకోర్టు 2024 జనవరిలో ఆదేశించిందనీ చెప్పేవాళ్ళూ ఉండరు.

దొంగ క్లెయిములు ఎక్కువయ్యాయి కాబట్టే జాగ్రత్తగా ఉంటున్నామని పోలీసులూ కంపెనీలూ అంటారు. దొంగ క్లెయిములు ఉన్నమాట నిజం. అవి పుట్టేది కాగితం ఆలస్యమైన చోట, దళారి చేతిలోంచి నడిచిన చోట. 48 గంటల్లో నివేదిక పోతే బండినీ డ్రైవర్‌నీ మార్చడానికి సమయం ఎక్కడిది? ఇంకో అభ్యంతరం మనవాళ్ళదే: 'డబ్బు ఇప్పించడం ఉద్యమమా?' అని. భరణం కోసం పోరాడినప్పుడు ఈ ప్రశ్న మనం వేసుకోలేదు. భర్త పోయిన స్త్రీ చేతికి సొంతంగా డబ్బు రావడం, అది అత్తమామల ఖాతాలోకి కాక ఆమె ఖాతాలోకి రావడం, పితృస్వామ్య కుటుంబంలో చిన్న విషయం కాదు.

కాబట్టి సంఘాల ముందు కొన్ని పనులు పెడుతున్నాను. ప్రమాదం జరిగిన రెండు రోజుల్లో ఒక కార్యకర్త ఆమెతో స్టేషన్‌కి వెళ్ళాలి. బండి నంబరు, ఎందుకు ఎక్కారన్న వాక్యం, వృత్తి, ఈ మూడూ సరిగా రాశారో లేదో నకలులో చూడాలి. ఎఫ్.ఐ.ఆర్.లో ఒకలా, పోస్ట్‌మార్టం రిపోర్టులో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా పేరు ఉంటే వెంటనే సరిచేయమని రాతపూర్వకంగా అడగాలి. పదో రోజున హక్కుల ఫారం ఎక్కడని స్టేషన్‌లో, తొంభయ్యో రోజున వివర నివేదిక ఎక్కడని ఎస్.పి. ఆఫీసులో అడగాలి. స్త్రీలకీ, ఆదివాసులకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. దళారికి వాటా ఇవ్వాల్సిన అవసరం లేదు. దావా ఆమె నివసించే చోటైనా వేయవచ్చు కనుక సరిహద్దు అవతలి స్త్రీ ప్రతి వాయిదాకీ కొత్తగూడెం రానక్కరలేదు.

మిరప ఏరే కాలం ప్రతి ఏడూ వస్తుంది. ట్రాలీలు నిండుతాయి. ఈసారి మిరప కాలం మొదలయ్యేలోగా పాల్వంచ చుట్టుపక్కల మండలాల సంఘాలు కలిసి, ప్రతి స్టేషన్‌లో హక్కుల ఫారం తెలుగులోనూ, గోడ మీద కోయలో చదివి వినిపిస్తామన్న మాటతోనూ పెట్టమని జిల్లా ఎస్.పి.కి వినతిపత్రం ఇవ్వాలి. ఇవ్వకపోతే, వరకట్న చావులప్పుడు మనం ఎలా కూర్చున్నామో అలాగే స్టేషన్ ముందు కూర్చోవాలి.