ఒంటిపూట అడిగినందుకు

జీతం పెంచమని కాదు సార్ నేనడిగింది, సగం కోయమని. ఉదయం తొమ్మిదిన్నర నుంచి ఒకటిన్నర దాకా పనిచేస్తాను, దానికి తగ్గ జీతమే ఇవ్వండి అన్నాను. మీరు అర్జీ మొదటి పేరా దగ్గరే ఆగి, "ఏమ్మా, పని మీద ఆసక్తి పోయిందా?" అన్నారు. పంతొమ్మిదేళ్లుగా మీ లెక్కలు చూస్తున్న మనిషిని అడగాల్సిన మాటేనా అది? మార్చి నడుమ బడులన్నీ ఒంటిపూటకి మారతాయి. పిల్లలకి చదువు మీద ఆసక్తి పోయిందని ఏ మాస్టారూ అనరు.

కారణం ఒక్క వాక్యంలో రాశాను. నాన్నకి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. పగలు చూసుకునే ఆయా రెండింటికి వెళ్లిపోతుంది, మూడింటికి ఫిజియోథెరపీ అబ్బాయి వస్తాడు, ఇంకొకరు భుజం కింద చెయ్యి వేస్తే గానీ నాన్న నిలబడలేరు. జాలి పుట్టించాలని రాసింది కాదది. తక్కిన పేజీన్నరా ఆఫీసు పని ఆగకుండా ఎలా నడుస్తుందన్నదే. మీరు చదవంది ఆ పేజీన్నరే కాబట్టి మళ్లీ చెబుతున్నాను.

అకౌంట్స్ పని నెల పొడుగునా ఒకే తీరుగా ఉండదు. 7వ తేదీకి టీడీఎస్ కట్టాలి. 11కి జీఎస్టీఆర్-1. 14న జీఎస్టీఆర్-2బీ వస్తుంది. 15కి పీఎఫ్, ఈఎస్ఐ. 20కి 3బీ. ఆ గండం దాటిందంటే మధ్యాహ్నం మూడు తర్వాత మా సెక్షన్‌లో పెద్దగా పని ఉండదు. ఆ సంగతి మీకూ తెలుసు, మీ అమ్మాయి పెళ్లి కార్డుల మీద అడ్రసులు మాచేత రాయించింది ఆ వేళల్లోనే కదా. అందుకే 10, 11, 19, 20 తేదీల్లో పూర్తిగా ఉంటాను, ఆ నాలుగు రోజులూ ఇంటికి మా చెల్లెలు వస్తుంది, మిగతా రోజులు ఒంటిపూట అని రాశాను. మిగిలే సగం జీతంతో బీకాం చదివిన ఒక పిల్లను తీసుకోండి, పని నేర్పే బాధ్యత నాది అనీ రాశాను.

2బీ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే నా విలువ ఏదన్నా ఉంటే అక్కడే ఉంది. మనం సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను మనకి జమ కావాలంటే, అమ్మినవాళ్లు తమ రిటర్నులో మన బిల్లు చూపించాలి. 11వ తేదీ లోపు చూపించకపోతే ఆ నెల 2బీలో అది కనపడదు, ఆ మేరకు మన చేతి డబ్బు కట్టుకోవాలి. జీఎస్టీ పోర్టల్ చెప్పేది అంతవరకే. ఎవరు బద్ధకంతో ఆపారు, ఎవరు మన దగ్గర పాత బాకీ రాలేదన్న కోపంతో ఆపారు, ఎవరి గుమస్తా బిల్లు నంబరులో సున్నాకి బదులు 'ఓ' అక్షరం కొడతాడు, ఇవేవీ అందులో ఉండవు. గుంటూరు అట్టపెట్టెల ఆయనకి ఫోన్ చేస్తే ముందు ఆయన బైపాస్ ఆపరేషన్ ఎలా ఉందో అడగాలి. బిల్లు మాట ఆ తర్వాతే ఎత్తాలి. వరస తప్పితే ఆ నెలకి బిల్లు రాదు. ఇలాంటి ఫోన్లు పొద్దుట పూటే చేస్తాను, మధ్యాహ్నం వాళ్లెవరూ ఎత్తరు. మీరు నాకిచ్చే జీతంలో ఎక్కువ భాగం ఈ ఫోన్లకే, సాయంత్రం ఆరు దాకా కుర్చీలో కూర్చున్నందుకు కాదు.

గంటలే కావాలంటే గంటల లెక్కయినా సరిగా వేయండి. బయోమెట్రిక్ మిషన్ మీద పొద్దున తొమ్మిది నలభైకి వేలు పెడితే సగం రోజు సెలవు పోతుంది. ఆడిట్ రోజుల్లో రాత్రి పదిన్నరకి పెడితే కలిసేది ఏమీ లేదు.

హెచ్ఆర్ అబ్బాయి మంచివాడు. "సాఫ్ట్‌వేర్‌లో పార్ట్ టైమ్ అనే ఆప్షన్ లేదు మేడమ్, రిజైన్ చేసి కన్సల్టెంట్‌గా రండి" అన్నాడు. ఆ మాటకి అర్థమేంటో లెక్కలు రాసేదానికి తెలియదా? కన్సల్టెంట్‌కి పీఎఫ్ ఉండదు, సెలవు ఉండదు, బిల్లు మీద 10 శాతం టీడీఎస్ కోస్తారు. పని మాత్రం ఇదే.

ఉద్యోగంలో ఉంటూనే గంటలు తగ్గించుకున్నా ఇంకో గొయ్యి ఉంది. చట్టం ప్రకారం గ్రాట్యుటీ లెక్క ఇది: చివరగా అందుకున్న నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించడం. ఆ వేతనం 30,000 అనుకుంటే 19 ఏళ్లకి సుమారు 3,28,800 రూపాయలు. సంతకం పెట్టిన మర్నాడు అది 15,000 అయితే 1,64,400. రాబోయే ఒంటిపూట రోజులకి సగమంటే న్యాయమే. నడుం విరిగేలా చేసిన పంతొమ్మిదేళ్లకీ సగమేనా? చట్టం చెప్పేది కనీసం మాత్రమే, అంతకన్నా మెరుగైన షరతు రాసుకోవడానికి అడ్డు లేదు. పాత సర్వీసుకి పాత జీతం మీదే లెక్క అని ఒక్క పేరా చాలు. ఆ పేరా కూడా నేనే రాసి అర్జీ రెండో పేజీలో పెట్టాను.

నెదర్లాండ్స్‌లో 2000 నుంచి, జర్మనీలో 2001 నుంచి పని గంటలు తగ్గించమని అడగడం చట్టం ఇచ్చిన హక్కు. బ్రిటన్‌లో 2003లో చిన్నపిల్లల తల్లిదండ్రులతో మొదలై, 2024 ఏప్రిల్ నుంచి ఎవరైనా ఉద్యోగంలో చేరిన రోజునుంచే అడగొచ్చు. యజమాని రెండు నెలల్లో తేల్చాలి, కాదంటే చట్టంలో రాసి ఉన్న కారణాల్లో ఏదో ఒకటి చూపించాలి. మన దగ్గర 2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు, 50 మంది ఉన్న చోట పసిపిల్లల కోసం క్రెష్ పెట్టమన్నారు. మంచిదే. మంచాన పడ్డ తండ్రి దగ్గరికొచ్చేసరికి ఏ చట్టమూ నోరు మెదపదు. గంటలు పెంచే మాటకి మాత్రం కొదవలేదు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు, 2025లో మన రెండు రాష్ట్రాలూ రోజువారీ పరిమితిని 10 గంటలకి పెంచే దారి పట్టాయి.

"మీ అన్నయ్య లేడా?" అనీ అడిగారు. ఉన్నాడు, బెంగళూరులో. నెలనెలా డబ్బు పంపుతాడు, పాపం లోటు చేయడు. ఇంటి పని చేసేవాళ్లలో రోజూ ఆడవాళ్లు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2019 జాతీయ సర్వే లెక్క తేల్చింది. మా ఇల్లేమీ ఆ లెక్కకి వేరు కాదు.

అసలు మన ఆఫీసులో ఒంటిపూట మనిషి లేకపోలేదు. రిటైరైన బ్యాంకు మేనేజరు గారు మంగళ, శుక్రవారాలు పదకొండింటికి వచ్చి భోజనం వేళకి వెళ్తారు. ఆయనకి కారు పంపుతాం, గది తలుపు మీద 'అడ్వైజర్' అని బోర్డు ఉంది. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు. ఒక్క ఫోన్‌తో ఓవర్‌డ్రాఫ్ట్ రెన్యువల్ చేయించడం కళ్లారా చూశాను. ఆయన ఎన్ని గంటలున్నారని మీరు ఏనాడూ అడగలేదు, ఏం చేసి పెట్టారనే చూశారు. నన్నూ అలా చూడమంటే అంత విడ్డూరమా?

అర్జీ ఇచ్చి నెల దాటింది. "చూద్దాంలే అమ్మా" అన్నదాన్ని నేను జవాబు కింద తీసుకోను. ఒప్పుకుంటే ఏ తేదీ నుంచో, ఆరు నెలలు చూసి తేలుస్తామంటే అదే మాట, కాదంటే ఎందుకు కాదో లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వండి. పని గురించిన కారణమైతే కూర్చుని మాట్లాడుకుందాం. 14వ తేదీ తప్ప ఏ రోజైనా నాకు వీలే.