నాబోతు ఊరిలో రాజు ఎవరు?

ధ్యాన భాగము: 1 రాజులు 21వ అధ్యాయము



దేవుడు రాజని ఆరాధనలో పాడుట మనకు తేలికే. ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఆయన రాజ్యము రావలెనని ప్రతి ఆదివారము అడుగుచున్నాము. అయితే సోమవారము పొలము గట్టు దగ్గర, పంచాయతీ అరుగు మీద, వేలిముద్ర వేయవలసిన కాగితము ఎదుట మనకు రాజు ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు యెజ్రెయేలు అను ఊరికి వెళ్లుదము.

అహాబు ఇశ్రాయేలును 22 సంవత్సరములు ఏలెను. లోకము దృష్టిలో అతడు చిన్న రాజు కాడు. అష్షూరు రాజైన మూడవ షల్మనేసెరు చెక్కించిన ఒక రాతి శాసనము 1861లో టర్కీ దేశములోని కుర్ఖ్ అను చోట దొరికినది. క్రీ.పూ. 853లో కర్కారు యుద్ధములో తన్ను ఎదిరించిన రాజులలో అహాబు పేరును, అతని 2,000 రథములను, 10,000 మంది కాల్బలమును ఆ రాతి మీద వ్రాయించెను. అంత సేన గల రాజుకు తన నగరు ప్రక్కనున్న ఒక రైతు ద్రాక్షతోట కావలసి వచ్చినది. దేనికి? కూరగాయలు వేసికొనుటకు!

రాజు మొదట దౌర్జన్యము చేయలేదు. అంతకంటె మంచి తోట ఇత్తును, లేదా వెల ఇత్తును అనెను. బేరము చూచుటకు న్యాయముగానే ఉన్నది. మరి నాబోతు ఎందుకు ఒప్పుకొనలేదు? మొండితనము చేత కాదు. భూమి తనదేయనియు, ప్రజలు దానిలో తన యొద్ద నివసించు పరదేశుల వంటివారనియు, దానిని శాశ్వతముగా అమ్మకూడదనియు దేవుడు ఆజ్ఞాపించి యుండెను (లేవీ. 25:23). ఎవరి పితరుల స్వాస్థ్యమును వారు నిలుపుకొనవలెననియు చెప్పి యుండెను (సంఖ్యా. 36:7). ఆ తోటకు నిజమైన యజమాని అహాబు కాదు, నాబోతు కూడ కాదు, యెహోవాయే. కనుక రాజు అడిగినను నాబోతు ఇయ్యలేకపోయెను. నేడు మనము పొలము అమ్ముకొనుట పాపమని దీని అర్థము కాదు. మన చేతిలోనున్న ప్రతిదాని మీద మనకంటె పెద్ద హక్కుదారుడు ఉన్నాడని దీని అర్థము.

అహాబు మూతి ముడుచుకొని, అన్నము మాని, గోడ తట్టు తిరిగి పండుకొనెను. ధర్మశాస్త్రము అతనికి తెలియును. అయితే అతని భార్య యెజెబెలు సీదోనీయుల రాజు కుమార్తె. రాజు కోరిన తరువాత అడ్డు చెప్పువాడెవడని ఆమె తలంపు. ఇశ్రాయేలులో ఆలాగు కాదు. అక్కడ రాజు సింహాసనమెక్కిన తరువాత ధర్మశాస్త్రమునకు ఒక ప్రతి వ్రాసికొని, బ్రదుకు దినములన్నియు దానిని చదువుకొనుచు, తన సహోదరులకంటె తాను గొప్పవాడనని గర్వపడక నడువవలెను (ద్వితీ. 17:18-20). సింహాసనము మీద కూర్చున్నవాడు కూడ దేవుని మాటకు లోబడవలసినవాడే.

ప్రియులారా, ఈ అధ్యాయములో మనలను ఎక్కువగా భయపెట్టవలసినది యెజెబెలు కాదు, యెజ్రెయేలు పెద్దలు. ఆమె అహాబు పేరట తాకీదులు వ్రాసి, అతని ముద్ర వేసి పంపెను. ఉపవాసము చాటించి, నాబోతును జనుల ఎదుట కూర్చుండబెట్టి, అతడు దేవుని, రాజును దూషించెనని చెప్పుటకు ఇద్దరు పనికిమాలినవారిని నిలువబెట్టుడని వ్రాసెను. ఆ పెద్దలు నాబోతు ఊరివారే. అతని తండ్రులను ఎరిగినవారే. అతనిపై వారికి పగ ఉన్నట్లు వాక్యము చెప్పలేదు. అయినను ఒక్కడైనను “ఇది తగదు” అనలేదు. ఉత్తరములో ఏమున్నదో అదే జరిగెను. నాబోతును ఊరి వెలుపలికి తీసికొనిపోయి రాళ్లతో కొట్టి చంపిరి. అతని కుమారుల రక్తము కూడ చిందెనని 2 రాజులు 9:26 తెలుపుచున్నది. దేవునికి ప్రతిష్ఠింపబడిన ఉపవాస దినము ఒక నిర్దోషిని చంపుటకు పనికి వచ్చెను!

మన గ్రామములలో ఇట్టి ఉత్తరములు రాకుండునా? తమ్ముడు చనిపోగా చదువురాని అతని భార్యకు రావలసిన భాగము తగ్గించి కాగితము వ్రాసి, “మామయ్యా, నీవును సాక్షి సంతకము పెట్టు” అందురు. రాత్రికి రాత్రి గట్టు జరిగినది కన్నులార చూచినవానితో, “నీకెందుకయ్యా, ఊరకుండు” అందురు. ఎన్నికల ముందు రోజు చేతిలో నోటు పెట్టి ఓటు అడుగుదురు. అప్పుడు మనము, “పెద్దాయన చెప్పినారు, కాదంటే ఊరిలో బ్రతకనిస్తారా?” అని సర్ది చెప్పుకొందుము. యెజ్రెయేలు పెద్దలును ఆలాగే అనుకొని యుందురు. అధికారులకు లోబడుమని వాక్యము బోధించుచున్నది, రాజును సన్మానించుమని పేతురు వ్రాసెను. అయితే ఆ పేతురే మహాసభ ఎదుట మనుష్యులకంటె దేవునికే లోబడవలెనని నిలిచెను (అపొ. 5:29). అబద్ధమునకు సాక్ష్యము చెప్పుమని అడిగినప్పుడే మన అసలు రాజు ఎవరో బయటపడును.

“దేవుడు రాజైతే నాబోతును ఎందుకు కాపాడలేదు?” అని మీలో కొందరు అడుగవచ్చును. అన్యాయముగా భూమి పోగొట్టుకొన్నవారికి ఈ ప్రశ్న చిన్నది కాదు. దానికి పూర్తి జవాబు ఈ అధ్యాయము ఇయ్యదు. అయితే రెండు సంగతులు చూపుచున్నది. మొదటిది, అహాబు తోటను స్వాధీనపరచుకొన దిగి వెళ్లినప్పుడు అక్కడ ఏలీయా నిలిచి యుండెను. ఊరంతయు నోరు మూసికొన్నను దేవుడు మూసికొనలేదు. పేదవాని రక్తమునకు లెక్క అడుగు రాజు ఒకడున్నాడు. రెండవది, శిక్ష మాట విని అహాబు గోనెపట్ట కట్టుకొని తన్ను తగ్గించుకొనగా, అతని దినములలో ఆ కీడు రప్పింపనని దేవుడు చెప్పెను (21:29). అంతటి దుష్టుడు వంగినను చూచు కనికరము ఆయనది. కనుక ఎవని గట్టు జరిపినవాడైనను నేడే దానిని తిరిగి సరిచేసి, ఆయన యొద్దకు రావచ్చును.

ఇంకొక మాట. యేసు ప్రభువు విచారణను జ్ఞాపకము చేసికొనుడి. అక్కడను ఇద్దరు అబద్ధ సాక్షులు లేచిరి. అక్కడను దేవదూషణ అను నేరము, రాజునకు విరోధి అను నేరము మోపిరి. ఆయనను కూడ పట్టణపు వెలుపలికి కొనిపోయిరి. మన రాజు అహాబు వంటివాడు కాడు. ఇతరుల తోట లాగుకొనక, నాబోతు నిలిచిన చోట తానే నిలిచి, మన కొరకు ప్రాణము పెట్టెను. మూడవ దినమున లేచెను. అందుచేత నాబోతు వంటివారి కథ రాళ్ల కుప్ప దగ్గర ముగియదు.

ఈ వారము కుటుంబ ప్రార్థనలో ఈ అధ్యాయమును పిల్లలతో కలిసి చదువుడి. ఇతరులకు చెందినది ఏదైనను మన ఇంటిలో ఉన్నదా? ఎవరి పక్షమున మాటలాడవలసి యుండి ఊరకుంటిమి? ఒకరినొకరు అడుగుకొనుడి. ఉన్నయెడల తిరిగి ఇచ్చివేయుడి. మాటలాడవలసి యున్నయెడల సంఘ పెద్దలను తోడు తీసికొని వెళ్లి మాటలాడుడి, ఒంటరిగా భయపడవద్దు.

రాజులకు రాజైన ప్రభువు మీ ఇండ్లను, మీ పొలములను, మీ నోటి మాటను ఏలును గాక. ఆమేన్.