అచ్చు చెక్కక మునుపే చెప్పవలెను

పనివానిచేత పని చేయించుకొనుట కూడ నొక విద్యయే. ఆ విద్య మాకు లేకపోవుటచే జరిగిన దానిని ఈ మాసము మీతో ముచ్చటించెదము.

మా బంధువుల పిల్ల పెండ్లికి కలంకారీ దుప్పట్లు అద్దింపదలచి, మచిలీపట్టణము చెంతనున్న పెడనలో నొక అద్దకపువానికి చెప్పితిమి. ఆతడు కాగితముపై నొక లతను గీసి చూపెను. గుడివాడనుండి వచ్చిన పిల్లతల్లి పువ్వు పెద్దది కావలెననెను. దివిసీమనుండి వచ్చిన మేనత్త తీగ సన్నగా నుండవలెననెను. మేమో, “బాగుగనే యున్నది, మఱికొంత కళ రావలెను” అంటిమి. కళ యన నేమో ఆతనికిని తెలియదు, మాకును తెలియదు! పెండ్లికూతును మాత్ర మెవ్వరును అడుగలేదు. టేకుచెక్కపై అచ్చు చెక్కి, మాదిరిగుడ్డ తెచ్చిన పిదప, ఆ పిల్ల తనకు మామిడిపిందెలు కావలెననెను. రెండవ అచ్చునకు కూలి యేల యీయవలెనని మేము వాదించి వచ్చితిమి.

బడిపంతులుగారైన మావారు విని, “నేను లెక్క తప్పుగా చెప్పగా పిల్లవాడు దానినే చేసినచో, మార్కు లెవరికి తగ్గింపవలెను?” అని యడిగిరి. మఱునాడే కూలి పంపితిమి.

ఈ అద్దకములో వెనుకకు మరలుట యెంత కష్టమో వినుడు. గుడ్డను కరక్కాయనీట ముంచి యారవేయుదురు. ఇనుపతుక్కు, బెల్లము నానవేసిన నీటితో నలుపు నద్దుదురు. ఎఱుపు రావలసినచోట వేఱొక అచ్చుతో పటికనీరద్దుదురు. ఆ తావు అప్పుడే ఎఱ్ఱబడదు. రంగుకాగులో నుడికినపుడే ఎఱుపు తేలును. కాగు దిగిన గుడ్డను చూచి “ఈ తీగ వలదు” అనిన నేమి లాభము?

1611లో మచిలీపట్టణమున వర్తకశాల పెట్టిన ఇంగ్లీషు కంపెనీవారు, 1643లో లండనునుండి సూరతులోని తమవారికి దుప్పట్లనుగూర్చి వ్రాసిరి: ఎఱ్ఱనినేల గలవి హెచ్చుగా వచ్చుచున్నవి, అవి కొనువారందఱకు నచ్చుటలేదు, ఇకమీద తెల్లనినేలపై నడుమ రంగుల కొమ్మలు, పూవులు కావలెనని. ఏది నచ్చలేదు, ఏల నచ్చలేదు, బదులేమి కావలెను అను మూడును అందు గలవు. మా “కళ”లో ఒక్కటియు లేదు.

కావున, వస్తువు వాడుకొనువారిని మొదట నడిగి, ఇంటివారందఱు ఒక్కమాటపైకి వచ్చి, ఒక్కరినోట చెప్పింపుడు. రూపములో మార్పులు కాగితముపై నున్నపుడే చెప్పుడు. రంగులమాట మాదిరిగుడ్డకడ తేల్చుకొనుడు. పనివాని సలహాయు నడుగుడు; ఎంత సన్నని తీగ చెక్కలో నిలుచునో ఆతనికే తెలియును. ఆపై మీ మనసు మారినచో, ఆ కూలి మీదే.

ఆ మొదటి అచ్చును ఆతడు మాకే పంపెను. అది మా గూటిలో నున్నది. దర్జీకైనను, కంసాలికైనను పని చెప్పబోవునపుడు ఒకమారు దానివంక చూచుచుందుము.