సైలెన్సర్ పీకితే రేసు బండి అవుతుందా?



సాయంత్రం ఆరు దాటితే మన హాస్టల్ ముందు కాలవ గట్టు మీద బళ్ళ మోత మొదలవుతుంది. సైలెన్సర్ పీకేసి, వెనక మడ్‌గార్డు తీసేసి, దానికి రేసు బైకు అని పేరు పెట్టుకుంటున్నాం. 'పెట్టుకుంటున్నాం' అని ఎందుకు అంటున్నామంటే ఆ బళ్ళలో మనవాళ్ళవీ ఉన్నాయి. నిరుడు మన తమ్ముడొకడు లాకుల దగ్గర మలుపులో పడ్డాడు. కాల్లో రాడ్డు వేశారు, పరీక్షలు పోయాయి. ఆ బండి ఫైనాన్సు ఇప్పటికీ కడుతున్నది ఊడ్పులకు, కోతలకు వెళ్ళే వాళ్ళమ్మ. బండిని ఇలా ఇష్టం వచ్చినట్లు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తప్పు కూడా. ఆ సంగతి పోలీసులు చూసుకుంటారు. మా మాట వేరు.

రేసు బండి అంటే అంత మోజు ఉన్న మనకు, దాన్ని తయారుచేసే మనిషి గురించి ఎంత తెలుసు? అమెరికాలో ఎరిక్ బ్యూయెల్ అనే ఆయన పగలు మోటారు సైకిళ్ళ మెకానిక్‌గా పనిచేస్తూ రాత్రి కాలేజీలో ఇంజనీరింగ్ చదివాడు. 1983లో సొంతంగా రేసు బండి కట్టడం మొదలుపెట్టాడు. బరువంతా కిందకు, మధ్యకు రావాలన్నది ఆయన పట్టుదల. అందుకని పెట్రోలును ఫ్రేము లోపలే పోయించాడు, సైలెన్సర్‌ను ఇంజను కిందకు దించాడు. గమనించండి, దించాడు గాని పీకి పారెయ్యలేదు!

ఆయన కంపెనీని తన చేతిలోకి తీసుకున్న హార్లే డేవిడ్‌సన్ 2009లో దాన్ని మూసేసింది. ఆయన కూర్చుని ఏడవలేదు. అదే ఏడాది ఎరిక్ బ్యూయెల్ రేసింగ్ అనే కొత్త కంపెనీ పెట్టి, పందెగాళ్ళకు ట్రాక్ మీద మాత్రమే నడిపే బళ్ళు తయారుచేసి అమ్మాడు. తరువాత రోడ్డు మీదకు తెచ్చిన 1190 ఆర్ఎస్ ధర సుమారు 40 వేల డాలర్లు. అంత పెట్టి కొనేవాళ్ళు ఎందరుంటారు? 2013లో మన దేశపు హీరో కంపెనీ రెండున్నర కోట్ల డాలర్లతో 49.2 శాతం వాటా కొన్నా, 2015 ఏప్రిల్‌లో అదీ మూతపడింది. బళ్ళు మంచివే, లెక్క కుదరలేదు. ఈ సంగతి కూడా చెప్పకపోతే మేము సగమే చెప్పినట్లు.

ఆ హీరో కంపెనీయే 2018లో మన రాష్ట్రంలో, సత్యవేడు మండలంలో ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది. అలాంటి చోట పనికి కావలసింది ఫిట్టరు, వెల్డరు, టర్నరు. మన హాస్టల్లోనేమో ఐటీఐ చదివే తమ్ముళ్ళను 'గ్రీజు బ్యాచ్' అని వెక్కిరిస్తున్నాం. భోజనాల వరసలో కూడా ఆ పిలుపు వినబడుతోంది. సైలెన్సర్ పీకినవాడు హీరో, పిస్టన్ రింగు మార్చగలవాడు గ్రీజు బ్యాచ్! ఇదేం లెక్కో మాకు అర్థం కాదు.

వార్షికోత్సవానికి వచ్చే అన్నయ్యల్లో మెకానిక్ షెడ్లు ఉన్నవారు, డిపోల్లో పనిచేస్తున్నవారు ఉన్నారు. ఈసారి ఫ్లెక్సీలు, శాలువాలు వద్దు. తుక్కుకు వేసే పాత ఇంజను ఒకటి, ఒక స్పానర్ల సెట్టు తెచ్చిపెట్టండి. ఆదివారం పూట తమ్ముళ్ళ చేత విప్పించి, బిగించడం నేర్పండి. వంటగది వెనక రేకుల వరండా ఖాళీగానే ఉంది. వార్డెన్ గారిని మేము అడుగుతాం.