బ్రేకర్ పడితే దాని తప్పా?

ఆర్వీ అద్దెకి తీసుకుని యెల్లోస్టోన్ బయల్దేరే మనవాళ్ళకో దణ్ణం. 30 ఆంపుల హుకప్ అంటే 120 వోల్టుల మీద 3600 వాట్లు, అంతే. ఏసీ 1500, మైక్రోవేవ్ 1500, ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పుకి ఇంకో 1000. మూడూ ఒకేసారి పెట్టి, బ్రేకర్ పడితే "డబ్బా బండి" అని తిట్టడం!

మా బ్యాచ్‌లో ఒకాయన, పేరుకి సీనియర్ ఆర్కిటెక్టు, నీళ్ళ పంపు ఫ్యూజు రెండుసార్లు పోయిందని 15 ఆంపులది తీసి 30ది పెట్టేశాడు. ఎందుకు పోతోందో చూసేదే లేదు. బాబూ, మార్చింది ఫ్యూజుని, లోపలి తీగని కాదు కదా! ఇప్పుడు ఫ్యూజు కంటే ముందు తీగే కాలుతుంది. దాని చుట్టూ చెక్క, పక్కన నిద్రపోయే పిల్లలు. ఖాళీ క్యాచ్ బ్లాకు రాసిన కుర్రాణ్ణి కోడ్ రివ్యూలో కడిగేసేదీ ఈయనే (నన్నూ కడిగాడు లెండి).

ఫ్యూజు పీకేసి పంపు ఆపించాను. రెండ్రోజులు క్యాన్లతో నీళ్ళు మోశాం. ఆయన నాతో మాట్లాడలేదు.