స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉండాలి?

కాలిఫోర్నియాలో తుపాకుల దుకాణాల్లో చేప రెక్కలాంటి ప్లాస్టిక్ ముక్క ఒకటి అమ్ముతారు. అక్కడివాళ్లు దాన్ని ఫిన్ అంటారు. రైఫిల్ ట్రిగ్గర్ వెనకాల ఉండే పిడికి దాన్ని బిగిస్తే, బొటనవేలు పిడిని చుట్టుకుని అవతలికి పోలేదు, ఇవతలే ఆగిపోతుంది. అంతకుమించి ఏమీ మారదు. తూటా అదే, వేగం అదే, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్కొక్కటి చొప్పున పేలడమూ అదే. కానీ ఆ ముక్క బిగించకముందు ఆ రైఫిల్ ‘అసాల్ట్ వెపన్’. రిజిస్టర్ చేయకుండా ఇంట్లో ఉంచుకుంటే జైలుకు పంపగలిగే నేరం. బిగించాక మామూలు రైఫిల్.

ఇంత తేడా ఎలా వచ్చిందో తెలియాలంటే ఆ రాష్ట్ర నిబంధన చదవాలి. రైఫిల్‌ను అసాల్ట్ వెపన్ చేసే పిస్టల్ గ్రిప్ అంటే ఏమిటో అందులో ఇలా తేల్చారు: ట్రిగ్గర్ నొక్కే చేతికి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ ఉండే చర్మపు మడత, పట్టుకున్నప్పుడు, ట్రిగ్గర్ పైభాగం కన్నా కిందికి దిగే వీలుంటే అది పిస్టల్ గ్రిప్. మనుషుల్ని చంపగలిగే యంత్రం ఎవరి దగ్గర ఉండాలన్న ప్రశ్న చివరికి చేతిమీది చర్మపు మడతను కొలిచే దగ్గరికి వచ్చి ఆగింది. దీన్ని చూసి నవ్వేవాళ్లు అమెరికాలో చాలామందే ఉన్నారు. నాకు నవ్వు రాదు. ఆ నిబంధన వెనకాల పసిపిల్లల చావులున్నాయి.

1989 జనవరి 17న స్టాక్టన్ పట్టణంలోని ఒక ప్రాథమిక పాఠశాల ఆటస్థలం మీద ఒకడు ఏకే తరహా రైఫిల్‌తో వందకు పైగా తూటాలు పేల్చాడు. ఐదుగురు పిల్లలు చనిపోయారు. ఆ ఐదుగురూ కంబోడియా, వియత్నాం యుద్ధాల నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన కుటుంబాల బిడ్డలే. ఆ ఏడాదే కాలిఫోర్నియా శాసనసభ అసాల్ట్ వెపన్ల చట్టం తెచ్చింది. ఫలానా కంపెనీ ఫలానా మోడల్ నిషేధం అంటూ పేర్ల జాబితా రాశారు. తయారీదార్లు అదే తుపాకీకి పేరు మార్చి అమ్మారు. దాంతో 1999లో పేర్లతోపాటు లక్షణాల జాబితా కూడా రాశారు. తూటాలు నింపే పెట్టెను, అంటే మ్యాగజైన్‌ను, ఊడదీయడానికి వీలున్న సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు పిస్టల్ గ్రిప్ గానీ, మడిచే స్టాక్ గానీ, మంట కనబడకుండా ఆపే గొట్టం గానీ, ఇలా ఏ ఒక్కటున్నా నిషేధమే అన్నారు.

మ్యాగజైన్ ఊడదీయడమంటే ఏమిటన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. పనిముట్టు లేకుండా ఊడివస్తేనే ఊడదీసేదని నిబంధన. మరి పనిముట్టు అంటే? తూటా కూడా పనిముట్టేనని ప్రభుత్వమే అందులో రాసుకుంది. అంతే, తూటా మొనతో నొక్కితే మ్యాగజైన్ ఊడివచ్చే చిన్న మీట మార్కెట్లోకి వచ్చింది. దాని పేరే బులెట్ బటన్. అది బిగించిన రైఫిల్ చట్టబద్ధం. ఏళ్ల తరబడి దుకాణాల్లో బాహాటంగా అమ్మారు, జనం బాహాటంగా కొన్నారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడన్న సామెతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. కాకపోతే ఇక్కడ తన్నులాట మధ్యలో ఉన్నవి ప్రాణాలు.

2015 డిసెంబర్ 2న శాన్ బెర్నార్డినోలో 14 మందిని కాల్చి చంపారు. హంతకుల దగ్గర దొరికిన రెండు రైఫిళ్లూ మొదట ఆ రాష్ట్రంలోనే చట్టబద్ధంగా అమ్ముడైనవి, తర్వాత చట్టవిరుద్ధంగా మార్చినవి. 2016 జులైలో అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకంతో బులెట్ బటన్ దారి మూసుకుపోయింది. అప్పటికే అలాంటి రైఫిల్ ఉన్నవాళ్లు 2018 జూన్ నెలాఖరుకల్లా ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. లేదంటే దాన్ని మార్చుకోవాలి, వదిలించుకోవాలి. చివరి రోజుల్లో ఆ వెబ్‌సైట్ మొరాయించింది. ఫారం పూర్తి చేయలేకపోయినవాళ్లు కోర్టుకెక్కితే, అలా నష్టపోయినవాళ్ల కోసం 2022లో మూడు నెలలపాటు మళ్లీ తలుపు తెరిచారు. అప్పటిదాకా వాళ్ల పరిస్థితి ఏమిటి? చట్టానికి లోబడదామని ప్రయత్నించి చట్టం దృష్టిలో దోషులుగా బతికారు.

కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో స్థిరపడిన మా దూరపు బావమరిది ఒకతను అలాంటి రైఫిల్ కొనుక్కున్నాడు. వారాంతాల్లో రేంజ్‌కి వెళ్లి గురి చూసి కాల్చడం అతని సరదా. చట్టం మారాక గ్యారేజీలో బల్ల మీద పాత దుప్పటి పరిచి, రైఫిల్ విప్పి, కొన్న ముక్కల్ని బిగించాడు. పక్కన ప్రభుత్వ నిర్వచనాల ప్రింటు, దానిమీద పసుపు రంగు గీతలు. ఫోన్‌లో అతను అన్నమాట నాకు ఇప్పటికీ గుర్తుంది: “బావా, చేసింది సరిగ్గా ఉందో లేదో చెప్పేవాడే లేడు. దుకాణంవాడు మేం లాయర్లం కాదంటాడు. పోలీసుల దగ్గరికి తీసుకెళ్లి చూపిద్దామంటే, తప్పయితే అక్కడే పట్టుకుంటారేమోనని భయం.” అప్పటికి అతనిది గ్రీన్ కార్డే, పౌరసత్వం రాలేదు. తుపాకీ నేరంలో శిక్ష పడితే అమెరికా వలస చట్టం ప్రకారం దేశం నుంచి పంపేయడానికి అదే కారణం కావచ్చు. ఒక మర బిగించడం తేడా అయితే ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువు అన్నీ గాలిలో దీపం.

అక్కడున్న మనవాళ్లకు ఈ సంగతి గట్టిగా చెప్పాలి. హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లకు వేట లైసెన్సులాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప తుపాకీ ఉంచుకునే హక్కే లేదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు హక్కుంది గానీ, పొరపాటు చేస్తే పౌరుడికన్నా ఎక్కువ మూల్యం చెల్లించాలి. రేంజ్‌లో స్నేహితుడు చెప్పాడని, వీడియోలో చూశామని తుపాకీ మీద చేయి వేయకండి.

ఇక ఆ దేశపు కేంద్ర ప్రభుత్వం సంగతి. 2017 అక్టోబర్ 1 రాత్రి లాస్ వేగస్‌లో హోటల్ కిటికీలోంచి సంగీత కచేరీ మీద కాల్పులు జరిపినవాడు బంప్ స్టాక్ అనే పరికరం వాడాడు. సెమీ ఆటోమేటిక్‌ను దాదాపు మెషిన్‌గన్ వేగంతో పేల్చడానికి అది తోడ్పడుతుంది. 60 మంది చనిపోయారు. దాన్ని నిషేధించాలని రెండు పార్టీల్లోనూ మాటలు వినబడ్డాయి. అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి ఉంటే సరిపోయేది, చేయలేదు. దానికి బదులు ఆయుధాల నియంత్రణ సంస్థ ఏటీఎఫ్, తన పాత వ్యాఖ్యానాన్ని తనే తిరగేసి, బంప్ స్టాక్ కూడా మెషిన్‌గన్ కిందికే వస్తుందని నియమం రాసింది. 2019 మార్చి 26 కల్లా నాశనం చేయండి లేదా అప్పగించండి అంది. పరిహారం ఒక్క డాలర్ లేదు. అవి లక్షల సంఖ్యలో జనం దగ్గర ఉన్నాయని ఆ సంస్థ అంచనాయే చెప్పింది. చెప్పిన మాట విన్నవాళ్లు విరగ్గొట్టుకున్నారు, విననివాళ్లు అటక మీద దాచుకున్నారు. ఐదేళ్లు తిరిగాక, 2024 జూన్ 14న, సుప్రీంకోర్టు 6-3 తేడాతో ఆ నియమం చెల్లదంది. ట్రిగ్గర్ ఒకసారి పనిచేయడమంటే ఏమిటన్న మాట మీదే ఆ తీర్పు నడిచింది. విన్నవాడు నష్టపోయాడు, దాచుకున్నవాడు గెలిచాడు. రేపు మరో నియమం వస్తే ఎవడు వింటాడు? చేతికి ఆనించుకోవడానికి పిస్టళ్లకు తగిలించే బ్రేస్‌ల మీద 2023లో తెచ్చిన నియమానికీ మరుసటి ఏడే టెక్సాస్ కోర్టులో అదే గతి పట్టింది.

ఇదంతా చెబితే తుపాకీ సంఘాలవాళ్లు వెంటనే, చూశారా, అందుకే ఏ చట్టమూ వద్దంటున్నాం అంటారు. వాళ్లతో నేను ఏకీభవించను. నిర్వచనం పనికిరానిదైతే మంచి నిర్వచనం రాయాలి, పిల్లల్ని కాల్చినవాడి చేతికి తాళాలివ్వకూడదు. 1994లో అమెరికా కేంద్రం పదేళ్లపాటు తెచ్చిన నిషేధంలో బాయొనెట్ తగిలించే కొక్కెం కూడా ఒక లక్షణం. కంపెనీలు ఆ కొక్కేన్ని కోసేసి అదే రైఫిల్‌ని అమ్ముకున్నాయి. బడిలో పిల్లల్ని ఎవడైనా బాయొనెట్‌తో పొడిచాడా? అదే చట్టంలో పది తూటాలకు మించి పట్టే, కొత్తగా తయారైన మ్యాగజైన్ల అమ్మకాన్ని ఆపిన వాక్యం ఉంది. నా దృష్టిలో అసలైన పనిచేయగలిగిన వాక్యం అదే. తూటాలు అయిపోయి మళ్లీ నింపుకునే ఆ కొద్ది క్షణాల్లో మనుషులు పారిపోగలరు, ఎవరో ఒకరు మీదపడి పట్టుకోగలరు.

చేయదలచుకుంటే ఎలా చేయాలో న్యూజిలాండ్ చూపించింది. 2019 మార్చి 15న క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో శుక్రవారం నమాజుకు వచ్చిన 51 మందిని ఒకడు చంపాడు. చనిపోయినవాళ్లలో మన హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. వాడి దగ్గరున్నది మామూలు తుపాకీ లైసెన్సు. అప్పట్లో సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లను చిన్న మ్యాగజైన్‌తో ఉన్నంతవరకు మామూలు తరగతిలోనే కొనుక్కోగలిగేవారు. పెద్ద మ్యాగజైన్ తగిలిస్తే మాత్రం ప్రత్యేక అనుమతి కావాల్సి వచ్చేది. కానీ ఆ పెద్ద మ్యాగజైన్ కొనడానికి ఏ అనుమతీ అక్కర్లేకపోయింది! వాడు రెండూ విడివిడిగా కొని ఇంట్లో తగిలించుకున్నాడు. ఇక్కడా తుపాకీ తరగతిని తేల్చింది కొన్నవాడి చెయ్యే.

26 రోజుల్లో, ఏప్రిల్ 10న, అక్కడి పార్లమెంటు 119-1 ఓట్లతో సెమీ ఆటోమేటిక్‌లలో అత్యధిక భాగాన్నీ పెద్ద మ్యాగజైన్లనూ నిషేధించింది. డబ్బిచ్చి వెనక్కి తీసుకునే కార్యక్రమం పెట్టి డిసెంబర్ 20 కల్లా 56,000కు పైగా తుపాకులు సేకరించింది. తుపాకీని ఇచ్చేయకుండా, చట్టానికి సరిపోయేలా మార్పించుకుంటామన్నవాళ్లకూ దారి పెట్టింది. అయితే ఆ మార్పు గ్యారేజీలో కుదరదంది. పోలీసులు ఆమోదించిన గన్‌స్మిత్ దగ్గరే, అంటే తుపాకులు బాగుచేసే నిపుణుడి దగ్గరే, చేయించాలంది. అందుకు 300 న్యూజిలాండ్ డాలర్ల దాకా ప్రభుత్వమే భరించింది. పని చేసినవాడు ఎవరో తెలుసు, ఏం చేశాడో తెలుసు, యజమానికి రాత్రి నిద్ర పడుతుంది. రెండు వేలకు పైగా తుపాకులు ఆ దారిలో మారాయి. లోపం లేదని కాదు. దేశంలో అసలు ఎన్ని తుపాకులున్నాయో మొదటినుంచీ లెక్క లేకపోవడంతో ఎన్ని బయట మిగిలాయో చెప్పలేమని వాళ్ల ఆడిటర్ జనరలే రాశారు. అందుకే 2023లో ప్రతి తుపాకీని నమోదు చేసే రిజిస్ట్రీ మొదలుపెట్టారు.

మన దగ్గర ఆయుధాల చట్టం 1959 నాటిది. బ్యారెల్ పొట్టిగా కోయాలన్నా, బొమ్మ తుపాకీని నిజం తుపాకీగా మార్చాలన్నా దానికి లైసెన్సు ఉండాల్సిందేనని అందులోని ఆరో సెక్షన్. అంటే ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టడమన్న ప్రశ్నే లేదు. 2019 సవరణతో ఒక్కొక్కరికి మూడు తుపాకుల పరిమితి రెండుకు తగ్గింది. మూడోది ఏడాదిలోగా పోలీస్ స్టేషన్లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో అప్పగించమన్నారు. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడల్లా స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకోవడం మన లైసెన్సుదార్లకు అలవాటే కాబట్టి పెద్ద గొడవ కాలేదు. లైసెన్సు ఇవ్వడంలో మన జిల్లా యంత్రాంగం పలుకుబడికి లొంగదని నేను అనను. కానీ మనిషిని చూసి అనుమతి ఇవ్వాలన్న మన చట్టపు పునాది, పిడి ఆకారం చూసి అనుమతి ఇచ్చే పద్ధతికన్నా ఎన్నో రెట్లు గట్టిది.

అమెరికాలో కూడా కోర్టు ముందు నిలిచిన నియమం ఒకటుంది. విడిభాగాల కిట్ కొనుక్కుని ఇంట్లో రంధ్రాలు వేసి పూర్తిచేసుకునే, సీరియల్ నంబరు లేని తుపాకుల్ని ఘోస్ట్ గన్స్ అంటున్నారు. సగం పూర్తయిన ముక్క తుపాకీ కాదు కదా అన్న వాదనతో నంబరూ లేకుండా, కొనేవాడి పూర్వాపరాలూ అడగకుండా వాటిని అమ్మేవాళ్లు. ఆ కిట్ ఇట్టే తుపాకీ అయ్యేదైతే అదీ తుపాకీయేనని 2022లో ఏటీఎఫ్ నియమం తెచ్చింది. 2025 మార్చి 26న సుప్రీంకోర్టు 7-2తో దాన్ని నిలబెట్టింది. తీర్పు రాసింది జస్టిస్ గోర్సుచ్, తుపాకీ హక్కుకు వ్యతిరేకి అని ఎవరూ అనలేని న్యాయమూర్తి. ఆ కిట్‌ను అంతకుముందు ఎన్నడూ చూడని మనిషి మామూలు పనిముట్లతో 21 నిమిషాల్లో పేలే తుపాకీ తయారు చేశాడన్న సంగతిని ఆయన అందులో ప్రస్తావించారు. అక్కడ నియమం చూసింది ముక్క ఎలా కనిపిస్తోందని కాదు, అది ఏమవుతుందని. కాలిఫోర్నియా తన జాబితాను మళ్లీ రాసుకునే రోజు వస్తే మొదటి పేజీలో ఈ పద్ధతి ఉండాలి, రెండో పేజీలో న్యూజిలాండ్ గన్‌స్మిత్ ఉండాలి. మా బావమరిది గ్యారేజీ బల్ల ఏ పేజీలోనూ ఉండకూడదు.