మా తిరుగుళ్ళ గోల మీకెందుకు?

"ఫ్రీ బస్సొచ్చాక ఆడవాళ్ళకి తిరుగుళ్ళు ఎక్కువయ్యాయి!" మొన్న ఎంజీబీఎస్‌లో నల్గొండ బస్సు కోసం నిలబడితే వెనక ఒకాయన అన్నమాట ఇది. ఒళ్ళు మండిపోయింది.

మహాలక్ష్మి పథకం మొదలైన 2023 డిసెంబర్ 9కి ముందు, అమ్మని చూడాలంటే మావారి జేబూ చూడాలి, మూడూ చూడాలి. ఇప్పుడు ఆధార్ కార్డు చూపించి సిటీ బస్సులో ఎంజీబీఎస్‌కి వస్తాను, అక్కడ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతాను. రెండూ జీరో టికెట్లే. పోయిన నెల అమ్మకి జ్వరమంటే ఎవర్నీ చెయ్యి చాచి అడక్కుండా రెండుసార్లు వెళ్ళొచ్చాను.

బస్సుల్లో రద్దీ నిజమే. అయితే బస్సులు పెంచమని అడగండి. ఇన్నాళ్ళూ మేం ఇంటిపట్టున ఉన్నది ఇష్టమై కాదండీ, చార్జీ డబ్బుల్లేక!

మీరేమంటారు?